పత్రారోగ్య శాస్త్రం: బోధన్ శాఖ

ఆయుర్వేదానికి చరకుడున్నాడు, వ్యాకరణానికి పాణిని ఉన్నాడు. 2020 మార్చిలో పుట్టి, రెండున్నరేళ్లు నిజామాబాద్ జిల్లాను ఏలి, ఒకనాటి రాత్రి చెప్పాపెట్టకుండా మాయమైన ఒక మహాశాస్త్రానికి మాత్రం కర్త లేడు, గ్రంథం లేదు. దాన్ని నోటిలెక్కతో నడిపినవాళ్లు బస్టాండు ముందరి జిరాక్స్ సెంటర్ల వాళ్లు, ట్రావెల్ ఏజెంట్లు, ఛుట్టీ మీద వచ్చి ఇంటి దగ్గర ఇరుక్కుపోయిన గల్ఫ్ మనుషులు. రాసి పెట్టే తీరిక వాళ్లకు లేదు. నాకు తీరిక తప్ప వేరే అర్హత లేదు. కాబట్టి గ్రంథరచన నా మీద పడింది.

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పుకోవాలి. విషయం: రోగం లేని మనిషి తనకు రోగం లేదని, గడువు దాటకముందే, తనను ఎన్నడూ చూడని ఒక పోర్టల్‌కు, తనకు రాని భాషలో నిరూపించుకోవడం. ప్రయోజనం: పాత నౌకరీకి మళ్లీ పోవడం. అధికారి, అంటే ఈ విద్యకు అర్హుడు: పాస్‌పోర్టు, అప్పు రెండూ ఉన్నవాడు. సంబంధం: ఏజెంటు.

ప్రాచీనత లేని శాస్త్రాన్ని మనవాళ్లు నమ్మరు. అదృష్టవశాత్తు బోధన్‌కు ప్రాచీనత కొదవ లేదు. అశ్మక జనపదానికి రాజధాని ఇదేనని చరిత్రకారులు, ఏకచక్రపురం ఇదేనని స్థానికులు అంటారు. ఏకచక్రేశ్వరాలయం ఊళ్లోనే ఉంది. బకాసురుడి దగ్గరికి వంతు ప్రకారం ఇంటికొకరు పోవాలి కదా. ఆ ప్రయాణానికి కావలసిన వాటి జాబితా భారతంలో స్పష్టంగా ఉంది. ఒక బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. మనవైపు ప్రయాణ నిబంధనల తొలి పత్రంగా నేను దీన్నే గుర్తిస్తున్నాను. ఆధునికులు సిగ్గుపడవలసిన గుణాలు ఇందులో ఉన్నాయి. జాబితా ఎన్నడూ మారలేదు. దున్నపోతులు ఏ ఊరివి, వాటిని ఎవరు ధ్రువీకరించారు అన్న ప్రశ్న రాలేదు. అన్నిటికీ మించి, వచ్చిన మనిషిని రాక్షసుడు తన కళ్లతో చూసి ఒప్పుకొనేవాడు. ఒక అర్ధరాత్రి ట్విట్టర్‌లో జాబితా మార్చి, తెల్లారి బండి తోలుకొచ్చినవాణ్ని వెనక్కి పంపిన ఘటన భారతం మొత్తంలో ఒక్కటి లేదు.

మధ్యయుగాల సంగతి త్వరగా ముగిస్తాను. 1377లో ఏడ్రియాటిక్ తీరాన రగూసా నగరం, ప్లేగు ఉన్నచోటి నుంచి వచ్చేవాళ్లు ముప్పై రోజులు ఊరి బయట ఉండాలని శాసనం చేసింది. తర్వాత హజ్ యాత్రికులను ఎర్రసముద్రంలో కమరాన్ దీవి దగ్గర దించి, శుద్ధి చేసి, లెక్కపెట్టి పంపేవారు. బొంబాయి ప్లేగు తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు పాస్‌పోర్టులనే కాగితాలు ఉండేవి; రోగమున్న ఊరి నుంచి వచ్చినవాడు పది రోజులపాటు అధికారులకు మొహం చూపించాలి. వీటన్నిటిలో ఒక మోటుదనం ఉంది. మనిషినే ఆపారు, మనిషినే చూశారు. మన శాస్త్రం ఆ దశ దాటింది.

మన జిల్లా వాళ్లకు కొవిడ్‌కు ముందే ప్రాథమిక పాఠాలు అయిపోయాయి. గల్ఫ్ వీసాకు మెడికల్ అనే పరీక్ష దశాబ్దాలుగా ఉంది. హైదరాబాద్ పోయి, పొద్దున్నే పరిగడుపున వరసలో నిలబడి, రక్తమిచ్చి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే సాయంత్రానికి లోకం రెండుగా చీలుతుంది. ఫిట్టు, అన్‌ఫిట్టు. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి, మందులు మింగి, నయమై, ఇప్పుడు యాభై కిలోల సిమెంటు బస్తా ఎత్తే మనిషి కూడా ఎక్స్‌రేలో పాత మచ్చ కనపడితే అన్‌ఫిట్టే. ఊపిరితిత్తి మరిచిపోయినా ఫిల్ము మరిచిపోదు. ఇంకో పక్క 1983 నాటి వలస చట్టం ఉంది. దాని ప్రకారం పదో తరగతి పాసు కానివాడు గల్ఫ్‌కు పోవాలంటే ప్రభుత్వ అనుమతి ముద్ర కావాలి, వాడు మోసపోకుండా. పాసైతే అక్కర్లేదు. టెన్త్ పాసైనవాణ్ని ఏ ఏజెంటూ మోసం చేయలేడని ఈ చట్టం గాఢ విశ్వాసం. ఆర్మూరు, బాల్కొండ వైపు కొన్ని ఇళ్లలో దీని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

ఇక ప్రమాణ విచారం. తర్కశాస్త్రం నాలుగు ప్రమాణాలు చెబుతుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. విమానాశ్రయం కౌంటరు ముందు నిలబడ్డవాడు దగ్గడం లేదు, తుమ్మడం లేదు, ముప్పై కిలోల పెట్టె ఒంటిచేత్తో తక్కెడ మీద పెట్టాడు. ఇది ప్రత్యక్షం, చెల్లదు. ఇంట్లో ఎవరికీ రోగం రాలేదు, కనుక వీడికీ రాలేదనడం అనుమానం, చెల్లదు. పక్కవాడి రిపోర్టు చూపించి "నేను గూడ గట్లనే ఉన్న సార్" అనడం ఉపమానం, నవ్వుతారు. మిగిలింది శబ్దం, అంటే ఆప్తవాక్యం. ఆప్తుడంటే ఐసీఎంఆర్ గుర్తింపు ఉన్న లేబొరేటరీ. ఆ ఆప్తుడు నోటితో చెబితే కుదరదు, కాగితం మీద చెప్పాలి. కాగితం మీద చెబితే చాలదు, మూలన నల్లగళ్ల క్యూఆర్ కోడ్ ఉండాలి. కోడ్ ఉంటే చాలదు, అవతలివాడి ఫోనులో అది తెరుచుకోవాలి. రిపోర్టు నలగకూడదని శ్రద్ధగా ల్యామినేషన్ చేయించుకొచ్చిన భక్తుల కోడ్, ట్యూబులైటు మెరుపుకు తెరుచుకోకపోయిన సందర్భాలను జిరాక్స్ ఆచార్యులు ఇప్పటికీ శిష్యులకు చెబుతుంటారు.

దీన్నిబట్టి ప్రధాన సూత్రం ఇది: ఆరోగ్యం మనిషి గుణం కాదు, కాగితం గుణం. మనిషి కేవలం ఆ కాగితాన్ని మోసే వాహనం.

కాగితానికి ఆరోగ్యం ఉందంటే ఆయుర్దాయమూ ఉంటుంది. దుబాయ్ విషయంలో రిపోర్టు ఆయుష్షు మొదట 96 గంటలు, తర్వాత 72. 2021 ఏప్రిల్ నాటికి 48కి దిగింది. ఇంతకూ పుట్టిన ఘడియ ఏది? ఇక్కడే పూర్వపక్షం, సిద్ధాంతం తలపడతాయి. నిజామాబాద్ ల్యాబ్ మెట్ల మీద రోజూ నడిచిన శాస్త్రచర్చ ఇలా ఉండేది.

"అన్నా, రిపోర్టు ఇప్పుడే అచ్చింది గదా. ఇప్పటిసంది లెక్క కాదా?"

"కాదు తమ్మీ. ముక్కుల పుల్ల పెట్టిన టైం సంది లెక్క."

"గట్లయితే పుల్ల రాత్రి పెట్టు."

"రాత్రి ల్యాబు నీ కోసం ఎవడు తెరుస్తడు?"

తమ్ముడిది పూర్వపక్షం, అన్నది సిద్ధాంతం. నమూనా తీసిన క్షణమే జన్మలగ్నం.

ఈ అధ్యాయం బోధన్ వాళ్లకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. వాళ్లు చెరకు మనుషులు. 1937లో మొదలై, ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు పొందిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ శక్కర్‌నగర్‌లో ఉంది. ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి పొలాల నుంచి బండ్లన్నీ ఆ గేటుకే పోయేవి. కటింగ్ ఆర్డరు రాకముందు చెరకు కొట్టకూడదు. కొట్టాక ఆగకూడదు. కొట్టిన గడ ఎండలో నిలబడ్డకొద్దీ తూకం తగ్గుతుంది, రికవరీ పడిపోతుంది. గేటు ముందు వరస కదలకపోతే నష్టం రైతుదే, గేటుది ఎన్నడూ కాదు. ముక్కులోంచి తీసిన నమూనా కూడా కొట్టిన చెరకు లాంటిదే. తీసిన నిమిషం నుంచి తీపి తగ్గుతూ వస్తుంది. 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి ఆ ఫ్యాక్టరీని మూసేశారు. బండి వరసలో నిద్ర కాచిన తండ్రుల కొడుకులు అదే తెలివితో విమానం వరసలో నిలబడ్డారు.

లెక్క చేసి చూపిస్తాను. విమానం ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు. 48 గంటలు వెనక్కి పోతే శుక్రవారం తెల్లవారుజామున 4. ఆ సమయంలో కోడి తప్ప ఎవరూ లేచి ఉండరు. ల్యాబు తెరిచేది 9కి. రిపోర్టు శనివారం మధ్యాహ్నం 12కు వచ్చిందనుకుందాం. 2021 ఆగస్టు నుంచి విమానాశ్రయంలోనే ఇంకో ర్యాపిడ్ పీసీఆర్ కూడా పెట్టారు కనుక రాత్రి 10కల్లా శంషాబాద్‌లో ఉండాలి. బోధన్ నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే, దారిలో చాయ్‌తో కలిపి అయిదు గంటలు. అంటే సాయంత్రం 5కు బండి కదలాలి. మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా ఉన్న ఆ వ్యవధిలోనే రిపోర్టు ప్రింటు తీసి, నాలుగు కాపీలు చేయించి, పేరులో అక్షరాలు సరిచూసి, అమ్మ కట్టిన పచ్చడి సీసాలు పెట్టెలో సర్ది, ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టాలి. విమానం అయిదు గంటలు ఆలస్యమై ఉదయం 9 దాటిందా, మనిషి నిక్షేపంగా ఉంటాడు. రిపోర్టు మాత్రం కాలం చేస్తుంది.

నాసికా ప్రకరణంలో ఒక ఆర్థిక రహస్యం కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ల్యాబుల్లో ఆర్టీపీసీఆర్‌కు 2020 జూన్‌లో 2,200 రూపాయలు ఖరారు చేసింది. ఆ డిసెంబరుకు అది 500 అయింది. అదే ముక్కు, విమానాశ్రయం గాజు తలుపు దాటి లోపలికి పోయి ర్యాపిడ్ అని పేరు మార్చుకోగానే వేలల్లో పలికింది. ముక్కు విలువ స్థలాన్నిబట్టి మారుతుందనడానికి ఇంతకు మించిన దృష్టాంతం అర్థశాస్త్రంలో లేదు.

టీకా ప్రకరణం ఈ గ్రంథానికి గుండెకాయ. 2021 వేసవిలో పీహెచ్‌సీలో ఏ సీసా తెరిస్తే అది వేయించుకోవడమే, ఎంపిక లేదు. కోవాగ్జిన్ వేయించుకున్నవాడు సంతోషించాడు కూడా. హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైనది, మన ఊరి మందు, మనకు పడుతుందని. తర్వాత తెలిసింది, అది ఒంటికి పడుతుంది గాని పోర్టల్‌కు పడదని. సౌదీ, కువైట్ ఒప్పుకున్న జాబితాలో ఫైజర్, మోడెర్నా, జాన్సన్, ఆస్ట్రాజెనెకా ఉన్నాయి, కోవాగ్జిన్ లేదు. పుణె కోవిషీల్డ్ సీసా సముద్రం దాటింది, హైదరాబాద్ సీసా హైదరాబాద్‌లోనే ఆగింది. కోవాగ్జిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో చేర్చింది 2021 నవంబరు 3న. అంతదాకా ఆ మనిషి శరీరంలో రక్షణ ఉంది, శాస్త్రంలో లేదు. సౌదీలో పనిచేసే ఒక మలయాళీ కేరళ హైకోర్టుకు పోయి, రెండు కోవాగ్జిన్ డోసుల మీద కోవిషీల్డ్ కూడా వేయించండి మహాప్రభో అని అడిగాడు. రోగభయంతో కాదు, నౌకరీభయంతో. టీకా చరిత్రలో ఇది కొత్త ఘట్టం. మశూచి కాలంలో టీకాల వాడు వస్తున్నాడంటే పారిపోయేవాళ్లు. వాళ్ల మునిమనుమలు ఇంకొకటి పొడవమని కోర్టు మెట్లెక్కారు.

కోవిషీల్డ్ వేయించుకున్నవాడైనా గట్టెక్కాడా అంటే, అదీ వెంటనే లేదు. సర్టిఫికెట్ మీద కోవిషీల్డ్ అని ఉంటుంది, అవతలి జాబితాలో ఆస్ట్రాజెనెకా అని ఉంటుంది. రెండూ ఒకటేనన్న అద్వైతం అన్ని కౌంటర్లకూ అందలేదు. పైగా 2021 మేలో రెండు డోసుల మధ్య ఎడం 84 రోజులకు పెంచారు. ఛుట్టీ అరవై రోజులైతే 84 రోజుల మందు ఎట్లా ఇముడుతుందో ఏ గణితజ్ఞుడూ చెప్పలేడు. జూన్ 7న కేంద్రం కనికరించి, చదువులకు, ఉద్యోగాలకు విదేశాలకు పోయేవాళ్లూ టోక్యో ఒలింపిక్స్‌కు పోయేవాళ్లూ 28 రోజుల తర్వాత రెండో డోసు తీసుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. రుద్రూరు తాపీమేస్త్రీ, ఒలింపిక్ క్రీడాకారుడు ఒకే ఉత్తర్వులో పక్కపక్కన నిలబడ్డారు. నాకు తెలిసి భారతదేశంలో సమానత్వం అంత స్పష్టంగా అచ్చయిన కాగితం తక్కువ.

ఆ వేసవిలోనే, మే 12 నుంచి జూన్ 19 దాకా, తెలంగాణలో లాక్‌డౌన్. మొదట్లో సడలింపు పొద్దున 6 నుంచి 10 వరకే. అంటే దేశం దాటే పరీక్షకు ముందు వీధి దాటే పరీక్ష. దాని భాష్యం పోలీసు లాఠీ రాసింది కనుక నేను రాయను.

తప్పు చేసినవాడికి ప్రాయశ్చిత్తం ఉంటుంది. భారతదేశంలో ఉండటమే తప్పయినప్పుడు ప్రాయశ్చిత్తం మూడో దేశంలో పద్నాలుగు రోజుల వాసం. సౌదీ 2021 ఫిబ్రవరిలో మనతో కలిపి ఇరవై దేశాలకు తలుపు మూసింది. దుబాయ్ ఏప్రిల్‌లో మూసింది. కాని పద్నాలుగు రోజులు వేరే దేశపు గాలి పీల్చివస్తే శుద్ధి అయినట్లే. అందుకని మనవాళ్లు నేపాల్ పోయారు. ఏప్రిల్ నెలాఖరులో నేపాల్ ఆ దారి మూసింది. మాల్దీవులకు పోయారు, మేలో అదీ మూసుకుంది. తర్వాత దుబాయ్ వాళ్లకు ఆర్మేనియా దొరికింది. టికెట్టు, హోటలు, పరీక్షలు కలిపి ప్యాకేజీ లక్ష దాటింది. సినిమా తారలు నీలం నీళ్ల పక్కన ఫొటోలు దిగే దీవుల్లో, వడ్డీ లెక్క వేసుకుంటూ, గదిలో కుక్కరు పెట్టుకొని పప్పు వండుకున్న పర్యాటకులు చరిత్రలో వాళ్లే మొదటివాళ్లు అయి ఉంటారు. ఈ మధ్యలో అకామా అనే నివాస అనుమతి, రీఎంట్రీ గడువులు తీరిపోతుంటే సౌదీ రాజు వాటిని ఉచితంగా విడతలు విడతలుగా పొడిగిస్తూ వచ్చాడు. ఆ వార్త పేపర్లో పడ్డ రోజు ఊళ్లో మొహాలు చూడాలి. మనవాళ్లు బతుకమ్మకు కూడా అంత ఆత్రంగా తేదీ లెక్కపెట్టలేదు. పొడిగింపు అందరికీ అందలేదు. కొందరిని పనికి పిలిపించుకున్న కఫీల్ ఫోనెత్తడం మానేశాడు. కొందరి కంపెనీయే ఎత్తిపోయింది. వాళ్ల గురించి శాస్త్రంలో సూత్రం లేదు. చిట్టీ కట్టేవాళ్ల పుస్తకంలో ఉంది.

చివరగా నామ ప్రకరణం. మన జిల్లాలో ఒక మనిషికి కనీసం మూడు పేర్లుంటాయి. ఆధార్‌లో పోశెట్టి, పాస్‌పోర్టులో పోచెట్టి, అకామాలో అరబ్బీ గుమాస్తా తనకు వినపడ్డట్టు రాసుకున్నది. మామూలు రోజుల్లో ముగ్గురూ ఒక్క ఒంట్లో సఖ్యంగా కాపురం చేస్తారు. టీకా సర్టిఫికెట్ ఆధార్ పోశెట్టికి వచ్చింది, వీసా పాస్‌పోర్టు పోచెట్టికి ఉంది. సూది గుచ్చుకున్నది ఎవరికి? 2021 జూన్ చివరలో టీకా పోర్టల్ కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు కలిపే ఏర్పాటు వచ్చింది. పుట్టిన సంవత్సరం మాత్రమే ఉండే చోట పూర్తి తేదీ వేసే ఏర్పాటు సెప్టెంబరుకు వచ్చింది, అదీ బ్రిటన్ పేచీ పెట్టాక. పేరు దిద్దుకోవడానికి మాత్రం అవకాశం ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా తొందరలో ఒక అక్షరం తప్పు కొడితే, శాశ్వతంగా నాలుగో మనిషి పుడతాడు.

అసలు బోధన్‌వాసి ఇలా ఒక అక్షరం కోసం కొట్టుకోక ముందే, 2021 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. బోధన్‌లోని కొద్దిపాటి ఇళ్ల చిరునామాలతో డజన్ల కొద్దీ పాస్‌పోర్టులు పుట్టాయి. అవి ఉన్నవాళ్లు ఈ ఊళ్లో ఎన్నడూ కాపురం చేయలేదు. విచారణ చేసి సరేనని రాయవలసిన పోలీసులే అరెస్టయిన వాళ్లలో ఉన్నారు. దీన్ని అందరూ నేరమన్నారు, నేరమే. శాస్త్రకారుడిగా మాత్రం నేను ఒక్క సంగతి నమోదు చేయాలి. ఆ కాగితాల్లో ఒక్క అక్షరం తేడా ఉండి ఉండదు. ప్రధాన సూత్రానికి ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ నాకు దొరకలేదు. ఊళ్లో మనిషే లేడు, కాగితం సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది.

శాస్త్రం క్షీణించడం కూడా పుట్టినట్టే జరిగింది, కారణం చెప్పకుండా. 2021 డిసెంబరు 1 నుంచి సౌదీ నేరుగా రానిచ్చింది. 2022 ఫిబ్రవరిలో దుబాయ్ ర్యాపిడ్ పరీక్ష ఎత్తేసింది. మార్చి 27న మన దేశం మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్లీ మొదలుపెట్టింది. నవంబరు 22న, దేశంలోకి తిరిగొచ్చేవాళ్లు నింపే ఎయిర్ సువిధ ఫారం కూడా పోయింది. ఎక్స్‌రే మచ్చ, వలస ముద్ర ఎక్కడికీ పోలేదు.

గ్రంథం అయిపోయింది. చదివినవాళ్లకు ఫలశ్రుతి ఏమీ లేదు, ఒక్క పని ఉంది. ఈ పూట ఆధార్, పాస్‌పోర్టు, టెన్త్ మెమో మూడూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా, తొందర ముంచుకురాకముందే నిజామాబాద్ పాస్‌పోర్టు సేవా కేంద్రానికి పోయి దిద్దించుకోండి.